కుప్పం లిఫ్టులో చీకటి

ఆసియా దేశాల ఆచారాల మీద చిన్నప్పటి నుంచీ ఉన్న ఇష్టం కొద్దీ, మదనపల్లె నుంచి పుంగనూరు, కుప్పం కాలేజీలకు తిరిగి పాఠాలు చెబుతుంటాను. మొన్న వేసవిలో కుప్పం కాలేజీ చూడటానికి వచ్చిన ఒక జపాన్ అమ్మాయితో కలిసి అక్కడి లిఫ్టు ఎక్కాను. మధ్యలో కరెంటు పోయింది. చిమ్మచీకటి. నాకు ఊపిరాడలేదు. తలుపు బాదుతూ అరిచాను.

"భయపడాకండమ్మా, మెకానిక్ వస్తాండాడు. నేను ఈడే ఉండాను," అని వాచ్‌మన్ బయటి నుంచి కేకేశాడు.

నాకొచ్చిన నాలుగు జపాన్ మాటలూ గుర్తు రాలేదు. ఆ అమ్మాయే నా చెయ్యి పట్టుకుని, నాకు వినపడేలా నెమ్మదిగా ఊపిరి తీసి వదలసాగింది. నేనూ ఆమెతోపాటే తీశాను.

తలుపు తెరుచుకోగానే ఆమె మెట్ల మీద కూలబడి ఏడ్చేసింది. లోపల నాకంటే ఎక్కువగా భయపడింది తనేనని అప్పుడర్థమైంది. పక్కన కూర్చుని దగ్గరకు తీసుకున్నాను.

తన భయం దాచుకుని నాకు ధైర్యమిచ్చిన ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి.