రాలిపోయిన ‘ఏ’

మా ఊళ్లో మైక్రోబయాలజీ చదివిన ప్రతివాళ్ల దగ్గరా ఒకే స్పైరల్ నోట్స్ ఉంటుంది. ఎవరు రాశారో ఎవరికీ తెలియదు. యూనివర్సిటీ ఎదుటి జిరాక్స్ షాపులో పుట్టి, అక్కడే ఏటేటా పిల్లల్ని పెడుతోంది. అందులో ఒక పేజీలో ఈ వాక్యం ఉంటుంది: ‘డీఎన్ఏ వెళ్లి డీఎన్ఏకు అతుక్కుని డీఎన్ఏను విప్పును.’ నేను దాన్ని అక్షరం పొల్లుపోకుండా పరీక్షలో రాశాను. మార్కులూ పడ్డాయి. ఒక మనిషి తన భుజం మీద తానే ఎక్కి కూర్చున్నాడని రాసినా పడేవేమో.

ఆ వాక్యంలో మొదట వచ్చేదాని అసలు పేరు డీఎన్ఏఏ. అది ఒక ప్రొటీన్. టైపు చేసినవాడికి చివర ఒక ‘ఏ’ ఎక్కువ పడిందనిపించింది కాబోలు, అంతటా తీసేశాడు. ఆ ‘ఏ’ రాలిపోయిన చదువుతోనే మేమంతా పట్టాలు పుచ్చుకున్నాం. ఈ సంగతి నాకు తెలిసింది పాప పుట్టిన పది నెలలకు, సుబేదారిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీవాళ్లు డెమో క్లాసుకు రమ్మన్నప్పుడు. బాక్టీరియాలో క్రోమోజోమ్ కాపీ ఎలా మొదలవుతుందో చెప్పమన్నారు. నోట్స్ పక్కనపెట్టి అసలు పుస్తకం తెరిస్తే బయటపడింది.

పాప పుట్టాక నాకు వచ్చిన మొదటి పిలుపు అది. ఇది పోతే ఇంకొకటి వస్తుందన్న నమ్మకం లేదు. జ్వరం లేకపోయినా గంటకోసారి పాప నుదురు తాకి చూసే మనిషిని, నమ్మకాలు నాకు మొదటినుంచీ తక్కువే. అందుకని వంటింట్లో అత్తమ్మనే క్లాసు చేసుకుని పాఠం చెప్పాను. ఆమె పాపను ఒళ్లో వేసుకుని ఉగ్గు పెడుతోంది.

“బాక్టీరియా పెరిగేకొద్దీ ఈ ప్రొటీన్ దాని లోపల కూడుతది అత్తమ్మా. సరిపడా కూడినంకనే ఒక్క చోట చేరి డీఎన్ఏ పోగులు విప్పుతది. అప్పుడు కాపీ మొదలైతది. చాలకుంటే మొదలే కాదు.”

“మొదలువెట్టు అని దానికి ఎవలు చెప్తరు?”

“ఎవ్వలు చెప్పరు. దాని ఒంట్ల సత్తువను బట్టి అదే మొదలువెడ్తది.”

“అంటే దానికి అత్త లేదన్నట్టు,” అని తనే నవ్వింది.

అక్కడితో ఆపాల్సింది. పాఠం పూర్తిగా చెప్పాలన్న పాడు అలవాటు కదా, తిండి బాగా దొరికితే మొదటి కాపీ పూర్తికాకముందే బాక్టీరియా రెండోది మొదలుపెడుతుందని కూడా చెప్పాను.

“ఇగ సూడు! కంటికి కనవడని పురుగుకే ఎర్క. నువ్వు గన్ని చదువులు చదివినవ్. మనింట్ల తిండికేమన్న తక్కువైందా బిడ్డా?”

పాపకు ఐదో నెల వచ్చినప్పటి నుంచీ ఆమె రోజూ అడుగుతోంది, “ఏమన్న విశేషమా?” అని. రోజూ అడిగేదానిలో విశేషమేముంటుందో నాకు అర్థం కాదు. మళ్లీ నెల తప్పడం తప్ప ఆడదాని బతుకులో చెప్పుకోదగ్గది ఏదీ లేదని ఆ మాట పుట్టించినవాళ్ల ఉద్దేశం కావచ్చు.

“అట్ల కాదత్తమ్మా. ఒకసారి మొదలైనంక ఇంకో ప్రొటీన్ వచ్చి ఆ చోటు మీద కూసుంటది, కొంతసేపు మళ్ల మొదలు కాకుండ.”

“నడుమల వాన్నెవలు పిలిచిండ్రు?” అంది అత్తమ్మ.

డెమో రోజు ఎదురుగా ఇద్దరే: ప్రిన్సిపాల్, ఒక సీనియర్ లెక్చరర్. బోర్డు మీద డీఎన్ఏఏ అని రాసి తిరిగానో లేదో సీనియర్ చెయ్యెత్తారు.

“స్పెల్లింగ్ చూసుకోండి మేడం. ఒక ఏ ఎక్కువ పడ్డది.”

“అది ప్రొటీన్ పేరు సార్.”

ఆయన సంచీలోంచి అదే స్పైరల్ నోట్స్ తీశారు. “ఇండ్ల ఏడున్నదో చూపెట్టండి.”

ఉద్యోగం పోయిందనుకున్నాను. పైగా పాలు చేపుకొచ్చి చున్నీ తడుస్తోంది. ఆ భయంలోనే అడిగేశాను: “డీఎన్ఏనే పోయి డీఎన్ఏను విప్పితే, ఎప్పుడు విప్పాలో ఎట్ల తెలుస్తది సార్?”

ఆయన పేజీ చూశారు, తర్వాత ఫ్యాను చూశారు. “అది సిలబస్‌ల లేదు,” అన్నారు. ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్న మనిషికి ఆ ప్రశ్న ఒక్కసారైనా తోచకపోవడం కూడా ఒక సాధనే.

ప్రిన్సిపాల్ మధ్యలోకి వచ్చారు. “సబ్జెక్టు ఓకే అమ్మా. పాపనా, బాబా?”

“పాప సార్.”

“అయితే ఇంకొకరి కోసం చూస్తరు గదా.” ఒక తెల్లకాగితం నా ముందుకు జరిపారు. “రెండేండ్ల దాక ప్రసూతి సెలవు అడగనని రాసియ్యండి.”

ఇంట్లో మొదలుపెట్టమంటారు, ఇక్కడ మొదలుపెట్టొద్దంటారు. నా ఒంట్లో సత్తువ ఎంతుందని ఏ ఒక్కరూ అడగరు. ముక్కూ మొహం లేని బాక్టీరియాకున్న పాటి మర్యాద కూడా నాకు దక్కలేదు. ఇదంతా ఆయన ముందు అనే ధైర్యం నాకెక్కడిది? “ఇంట్లో అడిగి ఇస్తా సార్,” అన్నాను. ఆ మాట ఆయనకు ఎంత నచ్చిందో! ఇంట్లో అడుగుతానంటే మా దగ్గర ఏ తలుపైనా తెరుచుకుంటుంది.

ఇంటికొచ్చి కాగితం సంగతి చెబితే అత్తమ్మ మండిపడింది.

“గాళ్లెవలే మనింటి ముచ్చట రాసియ్యమననీకి? అడిగేదుంటె నేనడుగుత. గా సారుకేం పని?” కాగితం నా చేతిలోంచి లాక్కుని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బియ్యం డబ్బా కిందికి తోసింది. ఆమె నా వైపు నిలబడిందని పొంగిపోయేంతలో, “ఏమన్న విశేషమా మరి?” అంది.

మూడో రోజు కాలేజీ నుంచి ఫోను వచ్చింది. పరీక్షలు దగ్గరపడ్డాయి, పాఠాలు చెప్పడానికి మనిషి లేదు. సోమవారం నుంచి రమ్మన్నారు. కాగితం తర్వాత చూద్దామన్నారు.

మొదటి క్లాసులో పిల్లలందరి ముందూ అదే నోట్స్. ఆ పేజీ తీయించి, వాక్యం మొదట్లో ఉన్న డీఎన్ఏ పక్కన పెన్నుతో ‘ఏ’ పెట్టించాను. చివరి బెంచీ అమ్మాయి లేచింది.

“మేడం, పరీక్షల ఏది రాయాలె? దిద్దే సార్లు గూడ గిదే చదివిండ్రు గదా.”

నోట్స్ మీద నాకున్న చిన్నచూపుకు ఒక్క ప్రశ్నతో గాలి తీసినట్టయింది. ఆ నోట్స్ రాసే కదా నేనూ పాసైంది. “ఏ పెట్టే రాయండి. మార్కు కోస్తే నా దగ్గరికి రండి,” అన్నాను. అన్నప్పటి నుంచీ అదొక ఫికరు పట్టుకుంది, నిజంగానే వస్తే ఏం చేస్తానని. పాప పడుకున్నాక ఇది రాస్తున్నది కూడా నిద్ర పట్టకే.

ఆ సాయంత్రం ఇంట్లో అడుగు పెడుతుండగానే అత్తమ్మ అందుకుంది. “ఏమన్న విశేషమా?”

“ఉన్నదత్తమ్మా. ఇయ్యాల క్లాసు క్లాసంత కూసొని ఒక ‘ఏ’ పెట్టిండ్రు.”

“గిదా విశేషం!” అని పాపను నా చేతికిచ్చి వంటింట్లోకి పోయింది.

ప్రిన్సిపాల్ ఇప్పటికి రెండుసార్లు ఆ కాగితం అడిగారు. ఇంట్లోనే ఉందని చెప్పాను. నిజమే. బియ్యం డబ్బా కూడా ఊగడం లేదు.