మగ్గాల చప్పుడులో నా మొర

నా బిడ్డకు బడిలో మొదటిసారి ఫిట్స్ వచ్చినప్పుడు నేను బతుకుతెరువుకు మా ఊరు విడిచి వచ్చిన ఉధనాలో, మగ్గాల కార్ఖానాలో బాబిన్లకు దారం చుడుతున్నాను. ఫోను రాగానే పరుగెత్తాను. నేను చేరేసరికి పిల్ల లేచి కూర్చుని బిస్కెట్ తింటోంది. డాక్టరు పరీక్షలన్నీ చేయించి, మాత్రలు రాసి, "మళ్లీ రావచ్చు, రాకపోనూవచ్చు" అన్నాడు హిందీలో. ఆ "రావచ్చు" ఒక్కటే నాతో డిండోలిలోని మా ఇంటికి వచ్చింది.

అప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు. పిల్ల మెట్లు దిగుతుంటే గుండె జారేది. స్నానానికి పోయి కాస్త ఆలస్యమైతే తలుపు బాదేదాన్ని. అన్నం తింటుంటే నా చూపు దాని పెదాల మీదే. తొమ్మిదేళ్ల పిల్ల, "అమ్మా, నన్ను గట్ల చూడకే" అని విసుక్కునేది.

మా అత్తమ్మ పొద్దున్నే దీపం పెట్టి నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. "మనసు నిమ్మలం చేసుకొని మొక్కు బిడ్డా. దేవునికి అన్నీ ఎరుకే. మనం గట్టిగ అడగొద్దు" అనేది. కళ్లు మూసుకుంటే చాలు, ఆ నిశ్శబ్దంలో నా ఆలోచనలే మరింత గట్టిగా వినిపించేవి. నిమ్మళంగా మొక్కడం నాకు చేతకాలేదు.

ఒకరోజు కార్ఖానాలో దారం తెగింది. ముడి వేయబోతే రెండుసార్లు జారిపోయింది. ఎదురుగా గోడకు వేములవాడ రాజన్న పటం ఉంది. మగ్గాలు నడుస్తుంటే పక్క మనిషి చెవిలో అరిచినా వినపడదు. ఆ ధైర్యంతో నోరు తెరిచాను. "ఏందయ్యా నీ సంగతి? నా పిల్లనే దొరికిందా నీకు?" అని అరిచాను. అరిచినంతసేపు ఏడుపొచ్చింది. ఆపాక ఊపిరి ఆడింది. ఈసారి ముడి పడింది.

ఇక అదే నా ప్రార్థన అయింది. భయం లేచిన ప్రతిసారీ ఆయనతో జగడం పెట్టుకున్నాను.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. నా గొంతు మాత్రం ఆగలేదు.

"నా పిల్లను ఇంట్ల కట్టేసి సాదుకోను, వింటున్నవా? అది బడికి పోతది, ఆడుతది! భయపెట్టుడు నీ పనైతే కొట్లాడుడు నా పని!"

కార్ఖానా అంతా నా వైపు తిరిగింది. ఎవరో కిసుక్కున నవ్వారు. మా మేస్త్రీ మా జిల్లా నుంచే వచ్చిన పెద్దాయన. లేచి నా దగ్గరికి వచ్చాడు.

"ఏందమ్మా, దేవుణ్ణి గట్ల తిడతరా?"

"తిడతలేను పెద్దబాపు. మాట్లాడుతున్న."

"మాట్లాడేది గిట్లనా?"

నా ముఖం వేడెక్కింది. అయినా తల దించలేదు. "నా మాట గిట్లనే ఉంటది. మెల్లగ మొక్కితే నాకే వినబడలే, ఆయనకేం వినబడతది?"

బట్ట మడతపెట్టే ఆమె అటువైపు నుంచి అందుకుంది. "మాట్లాడనియ్యిండ్రి జర. నేనైతే మూడేండ్ల సంది లోపల్లోపలే అరుస్తున్న." ఆమె కష్టమేమిటో నాకు తెలియదు, నేను అడగలేదు. మేస్త్రీ తన చోటికి వెళ్లిపోయాడు.

రెండు నెలలకు ఫిట్స్ మళ్లీ వచ్చాయి. ఇంట్లోనే, ఆదివారం. అత్తమ్మ తాళాల గుత్తి తెచ్చి పిల్ల చేతిలో పెట్టబోయింది. వద్దన్నాను. డాక్టరు చెప్పినట్టే పిల్లను పక్కకు తిప్పి, తల కింద నా చేయి పెట్టాను. "ఈడనే ఉండు, ఎటు పోకు!" అని గట్టిగా అరిచాను. అది పిల్లతో అన్నానో దేవుడితో అన్నానో నాకే తెలియదు. కాసేపటికి పిల్ల కళ్లు తెరిచి నీళ్లడిగింది. అత్తమ్మ ఆ రోజు నన్ను మెల్లగా మొక్కమని చెప్పలేదు.

బడిలో ఆ సంగతి చెబితే, కొన్నాళ్లు ఇంట్లోనే ఉంచండి అన్నారు ప్రిన్సిపల్ మేడమ్. నాకు వచ్చిన హిందీలోనే, ఉంచను అన్నాను. డాక్టరు రాసిచ్చిన కాగితం ఆమె ముందు పెట్టాను. పిల్లను పక్కకు ఎలా తిప్పాలో ఆ గదిలోనే నేల మీద పడుకుని చూపించాను. ఆమె కంగారుపడి కుర్చీలోంచి లేచింది. పిల్ల మాత్రం మరునాడు బడికి పోయింది.

డాక్టరు ఇప్పటికీ అదే మాట అంటాడు, రావచ్చు, రాకపోవచ్చు అని. భయం కూడా వస్తూనే ఉంది. పోయిన వారం పిల్ల ఖో-ఖో ఆడుతుంటే మైదానం అంచున నిలబడ్డాను. ఈల మోగగానే పిల్ల లేచి పరుగందుకుంది. "చూస్తున్నవా? చూడు!" అన్నాను రాజన్నతో, పైకే. పక్కనున్న తల్లులు తిరిగి చూశారు. చూస్తే చూశారు. నేను గొంతు తగ్గించలేదు, నా బిడ్డ పరుగూ తగ్గించలేదు.