గుడ్డు తెల్లసొనలో ఆరిపోయిన బంగారం

తెల్లసొన వెచ్చబడుతున్నప్పుడు వచ్చే నీచు వాసన ఈ ఉదయం మా సాల్ట్ లేక్ ల్యాబంతా పట్టేసింది. నా విద్యార్థిని మౌమిత బంగారు లవణం కలిపిన తెల్లసొనను గోరువెచ్చటి నీళ్ళలో నిలబెట్టింది. ఇరవై, ముప్ఫై పరమాణువుల చిన్న గుంపులుగా చేరినప్పుడు బంగారం తన పసుపు రంగు మరిచిపోతుంది. అతినీలలోహిత దీపం కింద పెడితే దానిమ్మగింజలా ఎర్రగా వెలుగుతుంది. ఆ వాసన తగిలితే చాలు, నాకు నాయుడు గారు గుర్తొస్తారు. బెంగాలీ వాళ్ళందరికీ ఆయన నాయుడు-దా, అంటే నాయుడన్న. శ్రీకాకుళం నుంచి వాళ్ళ నాన్న వెంట ఖిదిర్‌పూర్ ఓడరేవుకి వచ్చి, మా ల్యాబులో గాజుసామాను కడిగే పనిలో చేరి, టెక్నీషియన్‌గా ఎదిగిన మనిషి. నాకు పరిశోధన నేర్పింది మా గైడే అని సర్టిఫికెట్‌లో ఉంది. అది సగమే నిజం.

ఆయన చేతిలో ఎప్పుడూ రెండు లీటర్ల నీళ్ళ సీసా ఉండేది. గంటకోసారి గడగడా తాగేవారు. సిస్టీన్ అనే పదార్థం మూత్రంలోకి ఎక్కువగా జారి, రాళ్ళు కట్టే అరుదైన పుట్టుజబ్బు ఆయనది. సిస్టీన్‌లో గంధకం ఉంటుంది. గంధకం తగిలితే మా బంగారం వెలుగు ఆరిపోతుంది. ఒక్క చుక్క మూత్రంతో, చవకగా ఆ జబ్బును పట్టేద్దామని నా పంతం. ఎనిమిది నెలలు తల బద్దలుకొట్టుకున్నా. ఒకరోజు ఆయనే ఒక చిన్న డబ్బా బల్లమీద పెట్టి, "నా ఉచ్చ పట్టుకుని సూడమ్మా. సిగ్గేటి? రోగం నాకుంది, సీసా నీకుంది," అన్నారు. పోల్చడానికి తీసుకున్న, జబ్బు లేని అయిదుగురి సీసాలు ఎర్రగా వెలుగుతూనే ఉన్నాయి. ఆయనది మాత్రం మసకబారి ఆరిపోయింది. నేను ఎగిరి గంతేశాను. మర్నాడే సమీక్ష, నా ఫెలోషిప్ పొడిగింపు తేలేది అక్కడే. గైడ్‌కి అప్పుడే ఫోన్ కూడా చేసేశాను.

మధ్యాహ్నం టీ వేళ ఆయన మళ్ళీ వచ్చారు. జేబులోంచి మాత్రల అట్ట తీశారు.

"ఆగమ్మా. రాళ్ళు కట్టకుండా రోజూ ఇవి మింగుతాను. నీకు సెప్పనేదు. నీ బంగారం నా రోగాన్ని సూసి ఆరిపోనాదా, ఈ మాత్రని సూసా?"

ఆ మాత్రలోనూ గంధకమే ఉంటుందని నేను ఎన్నిసార్లు చదివుంటాను! అయినా ఆయన ఏం మింగుతారో అడగాలని తోచలేదు. ఒక మాత్రను మంచినీళ్ళలో కరిగించి, ఒక్క బొట్టు బంగారంలో వేశాను. ఎరుపు చూస్తుండగానే ఆరిపోయింది. నాకు ఏడుపు వచ్చింది, ఆయన మీద కోపం అంతకంటే ఎక్కువ వచ్చింది. "ఈ మాట ఎల్లుండి చెప్పకూడదా?" అని అరిచాను.

"రేపు నువ్వు అబద్ధం ఆడీసినాక, ఎల్లుండి నిజం సెప్తే ఎవులు ఇంటారమ్మా? నాకు మూడేళ్ళు వేడి చేసిందన్నారు. మజ్జిగ తాగమన్నారు. అందరం నమ్మీసినాం. ఒక కిడ్నీ పోనాది. నీ సీసా తప్పు సెప్తే ఇంకొకడిది పోతాది."

అని ఊరుకోలేదు. ఆ సీసా తీసుకుని, బంగారాన్ని సైతం కరిగించే ఆమ్లంతో కడిగి, బోర్లించి, "మల్లీ మొదలెట్టు" అన్నారు. మర్నాడు సమీక్షలో నేను చూపించింది ఆరిన సీసాను కాదు, మాత్రల అట్టను. పెద్దలలో ఒకాయన గడియారం చూసుకున్నారు. పొడిగింపు రాలేదు. నేను మధ్యాహ్నాలు ట్యూషన్లు చెప్పి, పొద్దుటి పూట ల్యాబుకి వచ్చాను; ఆయన నాకంటే ముందే గాజుసామాను కడిగి సిద్ధంగా ఉంచేవారు. రిటైరై బడ్జ్ బడ్జ్ అనే ఊరికి వెళ్ళాక కూడా నెలనెలా ఫోన్ చేసి, "సీసా నిజం సెప్తోందా?" అని అడిగేవారు. ఇంకా లేదండీ అని చెప్పీ చెప్పీ సిగ్గుపడ్డాను. మాత్ర ఉంటేనే ఆరిపోయే రెండో సీసాను పక్కన చేర్చేసరికి ఏళ్ళు పట్టింది. అప్పటికి ఆయన లేరు. ఫోన్ చేసి చెబుదామని నంబరు దాకా వెళ్ళి ఆగిన రోజులున్నాయి.

మౌమిత సిద్ధం చేసిన సీసాల మీద ఈ ఉదయం దీపం వేశాం. వాటిలో కలిపింది ఆసుపత్రి నుంచి పేరు లేకుండా వచ్చిన ఆరేళ్ళ పాప మూత్రం నమూనా. మొదటి సీసాలో ఎరుపు ఆరింది. పక్కనున్న రెండోది వెలుగుతూనే ఉంది. వెలుగు ఆరితే నాకు సంతోషం కంటే ముందు భయమే వేస్తుంది. ఆ భయం ఆయన పెట్టిపోయిందే. నేను నోరు తెరిచేలోగా మౌమిత బెంగాలీలో అంది: "పాప ఇంకా ఏ మందూ మొదలుపెట్టలేదు మేడమ్. ఆసుపత్రి వాళ్ళని అడిగాకే తెచ్చాను."

నాయుడు గారిని మౌమిత ఎన్నడూ చూడలేదు.

"మంచిది. మళ్ళీ మొదలెట్టు," అని, సీసా కడగడానికి నేనే లేచాను.