శిబిరంలో పూర్వపక్షం

అది 2010. జనగామలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ. నేను చదివింది ఎంఏ ఫిలాసఫీ, బతుకుతెరువుకు చెప్పేది ఇంగ్లిష్. బీఏలో ఫిలాసఫీ పెట్టాలని వెంటపడితే, నా పోరు పడలేక ప్రిన్సిపాల్ ఒక మాటన్నారు. "వారానికో క్లాసు చెప్పు. పిల్లలు నిలబడితే వచ్చే ఏడు పెడదాం. లేకుంటే మళ్ల ఆ ఊసెత్తొద్దు."

కూర్చుని మూడేళ్ల బీఏకు సిలబస్ రాశాను. మొదటి ఏడు మన దర్శనాలు, రెండో ఏడు పాశ్చాత్యులు. పూర్వపక్షం మాత్రం మూడో ఏడు చివర్లో పెట్టాను. పూర్వపక్షమంటే, జవాబు చెప్పేముందు ఎదుటివాడి వాదాన్ని మనమే చెప్పడం, అదీ వాడు విని "అవును, నా మాట ఇదే" అనేలా. దానికి పిల్లల వయసు చాలదనుకున్నాను.

ఇంతలో తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. పిల్లలంతా చౌరస్తాలో రిలే దీక్షా శిబిరంలో ఉంటే ఇక్కడ నా క్లాసు బోసిపోయింది. ఊరుకుంటే ఫిలాసఫీ కథ ముగిసినట్టే. నేనే శిబిరానికి పోయి, పాఠాల వరస పక్కనబెట్టి పూర్వపక్షం గురించి చెప్పాను.

భూపాలపల్లి దగ్గర చెల్పూర్ నుంచి వచ్చి చదువుకుంటున్న స్వరూప లేచింది. "సార్, సమైక్యం అనేటోళ్ల మాట నేను చెప్త."

"ఏందీ, వాళ్ల దిక్కు మాట్లాడుతవా? కూసో!" వెనక నుంచి ఆమె సీనియర్ రమేశ్ అరిచాడు. నేను ఆమె వైపు కదిలాను. క్లాసు పోతే పోయింది, పిల్లను ఏమైనా అంటే?

"అన్నా, జర ఆగు. ఆళ్లు ఏమంటరో తెల్వకుంట మనం ఏం జవాబిస్తం?" అంది స్వరూప.

కోస్తా యాసను వెక్కిరిస్తుందేమోనని అందరూ నవ్వడానికి సిద్ధమయ్యారు. ఆమె వెక్కిరించలేదు. "హైదరాబాద్‌ల ఇల్లు కట్టుకున్నం. మా పిల్లలు ఆడనే పుట్టిన్రు. రేపు పరాయోళ్లంటే ఏడికి పోవాలె? భాష ఒక్కటే ఉండంగ ఎందుకు విడిపోవాలె?" ఒక్కో మాటా మనసు పెట్టి చెప్పింది.

తర్వాత జవాబు మొదలుపెట్టింది. "మీ ఇల్లు మీదే, ఎవ్వలు గుంజుకోరు. మేం అడిగేది మా నీళ్లు, మా కొలువులు. భాష ఒక్కటే అయితే మా మాట సినిమాలల్ల నవ్వులాటకెందుకైంది?"

పుస్తకాల్లో చదివిన వాదం కళ్లముందు నడిచింది.

రోడ్డు పక్కన మా హిస్టరీ లెక్చరర్ లక్ష్మిగారు నిలబడి ఉన్నారు. కోస్తా ఆవిడ. గొడవలు మొదలైనప్పటి నుంచి స్టాఫ్‌రూములో నోరు విప్పడమే మానేశారు. మెల్లగా దగ్గరికొచ్చారు.

"మా వైపు మాటను నేనైనా ఇంత బాగా చెప్పలేనమ్మా. కానీ నీ జవాబు మాత్రం నేను ఒప్పుకోను."

"అయితే గిటొచ్చి కూసోని చెప్పుండ్రి మేడం" అంది స్వరూప.

కుర్చీ తెచ్చి వేసింది రమేశే.

తర్వాతి వారం నుంచి క్లాసుకు పిల్లలు కరువు కాలేదు. ప్రిన్సిపాల్ మాట నిలబెట్టుకున్నారు. ఆయనకు సిలబస్ ఇచ్చేముందు ఒక్క మార్పు చేశాను. మూడో ఏడు చివరి పాఠాన్ని మొదటి ఏడు మొదటి పాఠం చేశాను.