పెళ్లిచూపుల్లో వైఫై కార్డు

ఆ ఆదివారం నన్ను చూడ్డానికి నస్పూర్ నుంచి వస్తున్నారని మా అమ్మ పొద్దున్నే పట్టుచీర తీసి మంచం మీద పెట్టింది. నేను మాత్రం నైటీ మీదే బల్ల ముందు కూర్చుని, తొమ్మిదో తరగతి పిల్లల లెక్కల పాఠం వీడియోను ఇంటర్నెట్‌లోకి ఎక్కిస్తున్నాను. అది నత్తలాగా ఎక్కుతోంది.

అప్పట్లో ఇంట్లో కూర్చునే ఆన్‌లైన్ ట్యూషన్లు చెప్పేదాన్ని. నా లాప్‌టాప్ కాలేజీ రోజులది. కొత్త విండోస్‌ను అది మొయ్యలేకపోతే, వీడియోలు చూసి నేనే విండోస్ తీసేసి, ఉచితంగా దొరికే లినక్స్ అందులో వేసుకున్నాను. ముసలిది కాస్తా పరుగులు పెట్టింది. అన్నీ పనిచేశాయి, ఒక్క వైఫై తప్ప. లోపల ఉన్న వైఫై కార్డును లినక్స్ గుర్తే పట్టలేదు. బజారుకు పోయి బొటనవేలి గోరంత యూఎస్‌బీ వైఫై కార్డు ఒకటి తెచ్చి గుచ్చాను. దాని లైటు కూడా వెలగలేదు. నా ఫోన్ చార్జింగ్ పిన్ను వదులైపోయింది కాబట్టి, అమ్మ ఫోన్‌ను కేబుల్‌తో లాప్‌టాప్‌కు కట్టేసి దాని నెట్‌తో బండి లాగించేదాన్ని. ఫోన్ మోగితే అమ్మ ఒకచోట నిలబడి మాట్లాడే మనిషి కాదు. ఫోన్ చెవికి పెట్టుకుని వంటింటి వైపు నడుస్తుంది. కేబుల్ ఊడుతుంది, తెర మీద నా పిల్లలందరూ ఒక్కసారే మాయమవుతారు.

"ఇగ బంద్ చేసి చీర కట్టుకోవే! వాళ్లు గోదావరి బ్రిడ్జి దాటిండ్రట," అని అమ్మ అరిచింది. వీడియో మధ్యలో ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. అందుకని లాప్‌టాప్ మీద ఒక టవల్ కప్పి, బల్లను గోడకు జరిపి, చీర కట్టుకోవడానికి పోయాను.

ముందు అబ్బాయి, వాళ్ల అమ్మ వచ్చారు. అతను ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిలో ఎలక్ట్రీషియన్. నీలం చొక్కా, దువ్వినా ఇంకా తడి ఆరని జుట్టు. నేను ప్లేటులో లడ్డూలు తెచ్చి అతని చేతికిచ్చాను. తల ఎత్తి చూడాలా వద్దా అని లోలోపల తేల్చుకుంటుండగానే అమ్మ ఫోన్ మోగింది.

వెనక ఆటోలో వస్తున్న వాళ్ల బావ చేశాడు. మా కాలనీలో క్వార్టర్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, కొత్తవాళ్లు తప్పిపోకుండా ఉండరు. అమ్మ టవల్ కింద చెయ్యి పెట్టి ఫోన్ లాగి, "ఆ బిడ్డా, నీళ్ల ట్యాంకు కాడికెళ్లి ఎడమ దిక్కు రాండ్రి," అంటూ గుమ్మం వైపు నడిచింది. ఆ రోజు ఖర్మకు కేబుల్ ఊడలేదు. టవల్, లాప్‌టాప్, అన్నీ కలిసి అమ్మ వెనకే బయల్దేరాయి.

నేను అరిచానట. నాకు గుర్తులేదు. బల్ల అంచు దాటిన లాప్‌టాప్‌ను అబ్బాయి కూర్చున్నచోటి నుంచే ఒంగి ఒక చేత్తో పట్టేశాడు. రెండో చేతిలోని ప్లేటు వంగి లడ్డూలు మంచం కిందికి దొర్లిపోయాయి. అతను వాటిని చూడలేదు. నన్నూ చూడలేదు. తెర చూశాడు.

"లినక్సా?" అన్నాడు.

ఆ మనిషి నాతో అన్న మొదటి మాట అది.

"అవును. మీకు తెల్సా?"

"మా ఇంట్ల గూడ గదే. మరి గీ కేబుల్ ఏంది? వైఫై రాదా?"

"రాదు."

"కార్డును గుర్తుపడ్తలేదా?" అని అతను ఎంత బాధగా అడిగాడంటే, మా ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదేమో అనిపించింది. నాకు నవ్వు తన్నుకొచ్చింది. వాళ్ల అమ్మ నెత్తి కొట్టుకుని, "పిల్లను చూడమంటే కంప్యూటర్‌ను చూస్తుండు సూడుండ్రి," అని తనే గట్టిగా నవ్వేసింది. దాంతో అందరం నవ్వాము, గుమ్మంలోకి అప్పుడే అడుగుపెట్టిన వాళ్ల బావ కూడా, ఎందుకో తెలియకుండానే.

కాసేపటికి పెద్దలు ఇద్దర్నీ మాట్లాడుకోమని పెరట్లోకి పంపారు. బట్టలుతికే బండ మీద నేను, బోర్లించిన బకెట్ మీద అతను.

"పెట్టె మీద కంపెనీ పేరు చూసి కొంటే గంతే అయితది," అని అతను మొదలుపెట్టాడు, మాట ఎక్కడా తెగనట్టే. "లోపల చిప్ ఏందో చూడాలె. కొన్ని చిప్‌లను నడిపే ప్రోగ్రాం, డ్రైవర్ అంటరు, లినక్స్‌లనే ఉంటది. పెట్టంగనే నడుస్తయి. కొన్నిటికి డ్రైవర్ బయటికెళ్లి తెచ్చి ఎక్కియ్యాలె. లినక్స్ అప్‌డేట్ అయినప్పుడల్లా ఆ డ్రైవర్ అలుగుతది. మళ్ల బతిమాలాలె."

"నెట్ లేకనే కార్డు కొంటున్న. ఆ కార్డు నడవాలంటే మళ్ల నెట్ కావాల్నా?"

"గదే గదా!" అని అతను మోకాలు చరుచుకున్నాడు. "ఈ ముచ్చట నేను మా డ్యూటీల ఎవలికి చెప్పినా నవ్వరు!"

అప్పుడే ఓపెన్‌కాస్ట్‌లో బండలు పేల్చే బ్లాస్టింగ్ అయింది. తోమి పెట్టిన గిన్నెలు గలగలమన్నాయి. మేమిద్దరం మాట ఆపలేదు. వాళ్ల బావ రెండుసార్లు తలుపు దగ్గరికొచ్చి దగ్గి వెళ్లాడు. ఆఖరికి వాళ్ల అమ్మే వచ్చి, "ఇగ లే బిడ్డా, పొద్దు పోతున్నది," అంది.

వాళ్లు వెళ్లగానే మా బాపు నన్ను కూర్చోబెట్టుకున్నాడు. బాపు బొగ్గుబావిలో పంప్ ఆపరేటర్. ఏ విషయమైనా వరసగా తేల్చుకుంటాడు.

"ఏం మాట్లాడిండు?"

"వైఫై కార్డు గురించి."

"అది కాదు. తాగుతడా అని అడిగినవా?"

"లేదు."

"పెండ్లయినంక నీ ట్యూషన్ల సంగతి?"

"అడగలె బాపు."

"మరి గంతసేపు?"

"చిప్ గురించి," అన్నాను. బాపు అమ్మ వైపు చూశాడు. అమ్మ మంచం కింద లడ్డూలు ఏరుతోంది.

అడగాల్సినవి అడగడానికని మళ్లీ కలుసుకోమన్నారు. మరుసటి ఆదివారం గోదావరిఖని చౌరస్తా దగ్గర కంప్యూటర్ షాపులో అని అతనే చెప్పాడట. నాకు తోడుగా మా చిన్నమ్మ వచ్చింది. లాప్‌టాప్ భుజానికి తగిలించుకుని ఆటో దిగేసరికి అతను షాపు ముందు నిలబడి ఉన్నాడు, అదే నీలం చొక్కాలో. నాకు ఎందుకో చౌరస్తాలో హారన్లన్నీ బ్యాండు మేళంలా వినిపించాయి.

షాపాయన కోస్తా వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడినవాడు. మెత్తగా మాట్లాడతాడు. కొనేముందు కార్డులు గుచ్చి చూస్తామంటే, "సీలు తీశాక నచ్చలేదంటే నేనేం చెయ్యాలండి?" అన్నాడు.

"ఏమయ్యా, చీర గూడ భుజం మీద ఏసుకుని చూసి కొంటం. ఇది గుచ్చి చూడనియ్యవా?" అని చిన్నమ్మ లేచింది. ఆయన డబ్బాలు తీసి కౌంటర్ మీద పెట్టాడు.

అబ్బాయి ధీమాగా ఒకటి ఎంచుకున్నాడు. "మా ఇంట్ల గిదే ఉంది. పెట్టంగనే నడుస్తది."

పెట్టాము. నడవలేదు. తీసి మళ్లీ పెట్టాము. అతని చెవులు ఎర్రబడ్డాయి. నేను డబ్బా తిప్పి చూస్తే, బార్‌కోడ్ పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో వెర్షన్ అని ఒక అంకె ఉంది. "మీ ఇంట్లది ఏ వెర్షన్?" అన్నాను. అతను వాళ్ల అమ్మకు ఫోన్ చేసి, ఆమెతో అద్దాలు పెట్టించి చదివించాడు. ఆమె చదివిన అంకె వేరు. అదే పేరు, అదే డబ్బా, లోపల చిప్ మార్చేశారు.

"నాకు గిది తెల్వదు," అని అతను నిజాయితీగా ఒప్పుకున్నాడు.

అప్పుడు నేను ఒక పద్ధతి చెప్పాను. కార్డు గుచ్చి ఒక కమాండ్ కొడితే లోపలి చిప్ నంబరు తెర మీద కనిపిస్తుంది. నేను నంబరు చదువుతుంటే అతను ఫోన్‌లో వెతకాలి. దానికి డ్రైవర్ లినక్స్‌లో ఉందంటే ఉంచాలి, లేదంటే డబ్బాలో పెట్టెయ్యాలి. తర్వాతి కార్డుకు డ్రైవర్ ఉంది గానీ బయటి రకం. "అలిగేది," అన్నాను. "వద్దు వద్దు," అన్నాడు. ఆ తర్వాతది పెడుతూనే చిన్న ఆకుపచ్చ లైటు టపటపా కొట్టుకుంది. తెర మీద పేర్లు వరసగా దిగాయి: పక్కనున్న బంగారం కొట్టు, ఎదురుగా మందుల షాపు, మేడ మీద బ్యూటీ పార్లర్.

"వచ్చింది!" అని నేను అరిచాను. అతను కౌంటర్ మీద అరచేత్తో ఒక్కటి చరిచాడు. పెన్‌డ్రైవుల స్టాండు కూలిపోయింది.

"మీరిద్దరూ ఒకే ఆఫీసాండి?" అన్నాడు షాపాయన, అవి ఏరుకుంటూ.

"కాదు, పెండ్లి చూపులు," అంది చిన్నమ్మ.

ఆయన కాసేపు మా ముగ్గురినీ మార్చి మార్చి చూసి, వైఫై పాస్‌వర్డ్ తనే టైపు చేసిచ్చాడు.

"సిగ్నల్ ఎంత దూరం అందుతదో చూద్దామా?" అన్నాడు అబ్బాయి. తెరిచిన లాప్‌టాప్‌ను రెండు చేతుల్లో హారతి పళ్లెంలా పట్టుకుని మెట్లు దిగాడు. నేను పక్కన నడుస్తూ తెర మీద సిగ్నల్ గీతలు లెక్కపెట్టాను. చెప్పుల కొట్టు దాటాము, మిర్చి బజ్జీల బండి దాటాము. వెనక నుంచి షాపాయన, "అమ్మా! బిల్లండీ!" అంటూ పరుగెత్తుకొస్తున్నాడు. చిన్నమ్మ ఆయన్ని ఆపి, "పారిపోరయ్యా, పోతే ఇద్దరు కలిసే పోతరు, నాకు తెల్సు," అంటోంది.

దానిమ్మపళ్ల బండి దగ్గర ఆగాము. "ఇంక ఒక్క గీతనే ఉంది," అన్నాడతను.

ఇప్పుడు అడగకపోతే ఇక అడగలేననిపించింది. "మీరు తాగుతరా?" అన్నాను, గీతనే చూస్తూ.

"దావతుల ఎప్పుడన్న ఒక బీరు. ఉన్నదే చెప్తున్న. మా అమ్మ గూడ ఒకటి అడుగుమన్నది. పెండ్లయినంక ట్యూషన్లు చెప్తరా, బంద్ చేస్తరా అని," అన్నాడు.

"మీరేమంటరు?"

"బంద్ చేసేటట్లయితే గీ కార్డు ఎందుకు కొంటున్నం?" అన్నాడు.

కొంటున్నం. ఆ మాట అతను గమనించలేదు. నేను గమనించాను. దానిమ్మపళ్లన్నీ ఒక్కసారి ఇంకాస్త ఎర్రబడినట్టు అనిపించి, ఏం చెయ్యాలో తోచక రెండు పళ్లు తీసి అతని చొక్కా జేబులో పెట్టాను. అవి పట్టలేదు. ఒకటి రోడ్డు మీద పడింది. ఇద్దరం నవ్వుతూనే ఉన్నాము, పళ్లమ్మే ముసలవ్వ తిడుతున్నా సరే.

ఇంటికొచ్చాక బాపు గుమ్మంలో డ్యూటీ బూట్లు వేసుకుంటూ కూర్చున్నాడు. దావతు బీరు సంగతి కూడా దాచకుండా చెప్పాను. "అడిగితే ఒప్పుకునేటోడు దాచుకునేటోడు కాదు," అన్నాడు బాపు. "మరి సరే అనమంటవా?"

"అను," అన్నాను. నా గొంతు ఎంత గట్టిగా వచ్చిందంటే పక్క క్వార్టర్ అక్క కిటికీ తెరిచి చూసింది.

బాపు వాళ్లింటికి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు. అవతల అబ్బాయి వాళ్ల అమ్మ, "ఏం పెట్టి తోలిండ్రు అన్నా మావోనికి? వచ్చిన కాన్నుంచి పాటలు పాడుతుండు. అన్నం తింటలేడు," అంది. బాపు నవ్వు ఆపుకోలేక, ఒక కాలికే బూటుతో గోడ పట్టుకుని నిలబడ్డాడు. నేను అక్కడ ఉండలేక బయటికి నడిచాను. నాకేం పని లేదు. వీధి చివరిదాకా పోయాను, అక్కడ కట్టేసిన ఎవరిదో మేకకు నమస్తే పెట్టాను, మళ్లీ వెనక్కి వచ్చాను.