పళ్ళ డాక్టరుకు భుజంతో పనేంటి?

పోక్సో చట్టం అమల్లోకి వచ్చి ఆరో ఏడు నడుస్తోంది. విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి దంత విభాగంలో నేను అప్పుడు సీనియర్ కన్సల్టెంట్‌ని. సీనియర్ అంటే పెద్ద గొప్పేమీ లేదు. రెండు కుర్చీలు, నా కింద ఒక జూనియర్ డాక్టరు, ఒక నర్సు. ఆసుపత్రి పేరు రాయను. పాప పేరు, ఆమె బడి పేరు, వాళ్ళ వీధి పేరు కూడా రాయను. బాధితురాలి ఆనవాలు బయటపెట్టకూడదని ఆ చట్టమే చెబుతోంది. మనవాళ్ళు ఆ చట్టంలో శ్రద్ధగా పాటించేది ఆ ఒక్క నిబంధనే అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. నోరు మూసుకోవడం మనకెవరూ నేర్పనక్కర్లేదు కదా.

ముందు మా వృత్తి గురించి కొంచెం చెప్పాలి. పెద్దాసుపత్రుల్లో దంత వైద్యులు సగం డాక్టర్ల కింద లెక్క. క్యాజువాల్టీ డ్యూటీలుండవు, అర్ధరాత్రి పిలుపులుండవు కాబట్టి మిగతావాళ్ళకు మేమంటే కాస్త చులకన. వాళ్ళ పన్ను సలిపినప్పుడు మాత్రం పూర్తి డాక్టర్లమైపోతాం. ఇన్నేళ్ళలో ఆ వేళాకోళం నాకు అలవాటైపోయింది. అయితే మా పనిలో ఒక వీలుంది, అది వాళ్ళకు తెలియదు. మేం రోగికి ఎదురుగా కూర్చోం. కుర్చీని వెనక్కి వాల్చి, తల దగ్గర, కొంచెం వెనగ్గా కూర్చుంటాం. అక్కణ్ణుంచి చెవుల వెనక భాగం, మెడ, దవడ కింద, అన్నీ కనిపిస్తాయి. చిన్నపిల్లలైతే భయంతో చేతులు పైకెత్తి తలదిండు పట్టుకుంటారు. అప్పుడు చేతుల లోపలి వైపు కూడా కనిపిస్తుంది. వేరే ఏ డాక్టరూ మామూలుగా చూడని చోట్లవి.

అది జూలై నెల. వేట నిషేధం ముగిసి బోట్లు మళ్ళీ సముద్రం మీదికి వెళ్తున్నాయి. ఫిషింగ్ హార్బర్‌లో వేలంలో చేపలు కొని వీధుల్లో అమ్ముకునే ఒకావిడ మధ్యాహ్నం వేళ కూతుర్ని తీసుకొచ్చింది. పాప మూడో తరగతి. కింది దవడ పన్ను పుచ్చి చెంప వాచింది. తల్లి చంకలో నాలుగేళ్ళ కొడుకు కూడా ఉన్నాడు. భర్త మరబోటు మీద కలాసీ, వేటకు వెళ్ళి ఉన్నాడు.

“బేగి సూసీయండి డాక్టరమ్మా, దీనికి సాయంత్రం ట్యూసనుంది,” అంది తల్లి.

కుర్చీ వాల్చాను. పాప చేతులెత్తి తలదిండు పట్టుకుంది. గౌను చెయ్యి కిందికి జారింది. భుజానికి కొంచెం దిగువన, చేతి లోపలి వైపు ఒక కమిలిన మచ్చ ఉంది. ఎదురెదురుగా రెండు వంపులు, మధ్యలో ఖాళీ. రంగు పసుపులోకి తిరిగింది కాబట్టి కొన్ని రోజుల నాటిది. అదేమిటో పళ్ళ డాక్టరుకు ఒకరు చెప్పాలా? పంటి గాటు.

ఇదేంటమ్మా అని తల్లినడిగాను. “తమ్ముడు కరిసీసినాడంటమ్మా. అదే సెప్పింది. ఆ రోజు ఈడ్ని సావగొట్టీసినాను. ఓ డాక్టరుబాబుకి సూపిత్తే పూత మందు రాసిచ్చినాడు,” అంది. ఆవిడ ఏమీ దాచడం లేదు. కూతురు చెప్పింది, తల్లి నమ్మింది. కొడుకు మొహం తల్లి భుజంలో దాచుకున్నాడు.

పెద్దవాళ్ళ పళ్ళ వరస వెడల్పుగా ఉంటుంది, పసిపిల్లలది ఇరుకు. గాటులో ఒక కోరపన్ను గుర్తు నుంచి రెండో కోరపన్ను గుర్తుకు దూరం మూడు సెంటీమీటర్లు దాటితే అది పిల్లల నోరు అయ్యే అవకాశం తక్కువని మాకు నేర్పుతారు. తల్లిని అడిగి, గాటు పక్కన కొలబద్ద పెట్టి ఫొటో తీశాను. మూడు దాటింది, బాగానే దాటింది. అయినా తొందరపడకూడదని పిల్లాడి నోరు కూడా చూద్దామనుకున్నాను. ఆడుకోవడానికి చిన్న అద్దం ఇస్తే వాడు నవ్వాడు, నవ్వగానే చూశాను. పై ముందు పళ్ళు నాలుగూ చిగుళ్ళ దాకా పుచ్చిపోయి నల్లటి మొదళ్ళు మిగిలాయి. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లలకు అలా అవుతుంది. వాడు ఆ నోటితో జామకాయ కూడా కొరకలేడు. పాప చేతి మీద మాత్రం పై వరస ముందు పళ్ళు ఒక్కొక్కటీ విడివిడిగా అచ్చు పడ్డాయి.

పాప కుర్చీలో పడుకునే తమ్ముడి నోటికేసి చూసింది. తర్వాత నాకేసి చూసి కళ్ళు మూసుకుంది.

నేను ఆ పిల్లను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఇలాంటి విషయంలో కనిపించిన ప్రతివాళ్ళూ బిడ్డను అడిగితే బిడ్డ హడలిపోతుంది, మాట మారుతుంది, రేపు కోర్టులో ఆ మారిన మాటే పట్టుకుంటారు. అడగడానికి వేరే మనుషులున్నారు. ఆ గాటు ఎవరిదో కూడా నేను చెప్పలేను. గాటును బట్టి మనిషిని పట్టేయొచ్చని ఒకప్పుడు గొప్పగా చెప్పేవారు గానీ, ఇప్పుడు మా శాస్త్రంలోనే ఆ మాటకు అంత విలువ లేదు. అది పెద్దవాళ్ళ నోరన్నది మాత్రం చెప్పగలను. పెద్దవాళ్ళు పరాయి పసిపిల్ల చేతిని, సొంత పిల్ల చేతినైనా సరే, అక్కడ అలా కొరకడానికి మంచి కారణం ఒక్కటి కూడా నాకు తోచలేదు.

పోక్సో చట్టం పంతొమ్మిదో సెక్షన్ చాలా సూటిగా ఉంటుంది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని ఎవరికైనా తెలిసినా, జరగొచ్చన్న భయం కలిగినా, ఆ మనిషి పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఇరవై ఒకటో సెక్షన్ కింద అదే ఒక నేరం. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద, తర్వాత అనుమానం తప్పని తేలినా, కేసు పెట్టడానికి లేదు. ఇందులో రుజువు అన్న మాట ఎక్కడా లేదు. పై అధికారి అనుమతి అన్న మాట అసలే లేదు.

పిల్లల్నీ తల్లినీ జూనియర్ డాక్టరు దగ్గర కూర్చోబెట్టి మెడికల్ సూపరింటెండెంటు గదికి వెళ్ళాను. అనుమతి కోసం వెళ్ళలేదు. పోలీసులకు తెలియజేయాల్సిన కేసును ఆసుపత్రి భాషలో ఎమ్మెల్సీ అంటారు, ఆ రిజిస్టరు ఆయన చేతిలో ఉంటుంది. సంగతంతా విని ఆయన కుర్చీలో వెనక్కి వాలారు.

“మేడమ్, ఎమ్మెల్సీ క్యాజువాల్టీలో కదండీ చేస్తారు, డెంటల్ ఓపీలో ఏంటి? అసలు పళ్ళ డాక్టరుకు భుజంతో పనేంటండీ?”

ఇన్నేళ్ళ వేళాకోళం ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. ఒళ్ళు మండిపోయింది. ఆయన ఇంకా చెప్పుకుపోతున్నారు. తల్లే ఫిర్యాదు చేయనప్పుడు మనకెందుకన్నారు. ముందు పిల్లల డాక్టరుకు పంపండి, ఆయన రాస్తే సోమవారం కమిటీలో పెడదామన్నారు. రుజువేముందన్నారు. ఆసుపత్రికి పేరొస్తుందన్నారు, ఆ ‘పేరు’ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. పాప ఈ రాత్రి ఎక్కడ పడుకుంటుందో, కరిచిన మనిషి అక్కడ ఉంటాడో ఉండడో ఆయన ఒక్కసారీ అడగలేదు. సోమవారం దాకా ఆ పిల్లను ఏ అలమారాలో పెట్టి తాళం వెయ్యమంటారని అడిగాను. ఆయన బల్ల మీదున్న ఫోన్ నా వైపు తిప్పుకుని, ఆయన చూస్తుండగానే పోలీసు స్టేషన్‌కి చేశాను. నేను చెప్పింది రాసుకుని, తిరిగి చదివి వినిపించారు. అదీ పద్ధతే. ఆ తర్వాత సూపరింటెండెంటు గారు రిజిస్టరు తెప్పించక తప్పలేదు.

తల్లికి చెప్పడం ఇంతకన్నా కష్టమైంది. ఆవిడ లేచి నా చెయ్యి పట్టుకుంది.

“మా ఆయన సముద్రం మీద ఉన్నాడు. ఆయనొచ్చీవరకు ఆగండమ్మా. మా పెద్దలున్నారు, ఆళ్ళలో ఎట్టి మాటాడుకుంటాం. పోలీసులేటమ్మా, ఆడగుంట!”

ఆవిడ మీద నాకు కోపం రాలేదు. బోటు తగువైనా, వల తగువైనా పెద్దల్లో పెట్టుకోవడం వాళ్ళకు అలవాటు. కానీ ఈ సంగతి పెద్దల్లో పెడితే రేపు ఆ పెద్దల మధ్యలోనే ఆ మనిషీ కూర్చుని ఉండొచ్చు. “అమ్మా, నేను నీ అనుమతి అడగడం లేదు, నీకు చెప్పి చేస్తున్నాను. ఈ రోజు పాపను నీ పక్క నుంచి కదలనివ్వకు,” అన్నాను. ఆవిడ పాప చేతిని తిప్పి ఆ గాటును మళ్ళీ చూసుకుంది. చాలాసేపు చూసింది. ఆ రోజు పాప ట్యూషన్‌కి వెళ్ళలేదు.

సాయంత్రం ఒక మహిళా ఎస్సై మామూలు చీరలో వాళ్ళింటికే వెళ్ళింది. యూనిఫాంలో వెళ్ళకూడదు, బిడ్డను స్టేషన్‌కు రప్పించకూడదు. ఆ ఎస్సై పని తెలిసిన మనిషి, ఈ మాట రాయకపోతే అన్యాయమవుతుంది. తల్లి పక్కన కూర్చుని పాప అంతా చెప్పింది. కరిచింది పాప చదివే బడిలో మాస్టారు, సాయంత్రాలు తన ఇంట్లో ట్యూషన్ చెబుతాడు. గాటు పడ్డాక, ఎవరైనా అడిగితే తమ్ముడు కరిచాడని చెప్పమని నేర్పింది కూడా అతనే. ఆ పిల్ల వెళ్ళి అలాగే చెప్పింది. తల్లి పసివాణ్ణి కొడుతుంటే పక్కన నిలబడి చూసింది. తొమ్మిదేళ్ళయినా నిండని పిల్ల నెత్తిన అతను ఆ బరువు కూడా పెట్టాడు.

అతన్ని అరెస్టు చేశాక దర్యాప్తులో తేలింది, అదే బడిలో ఇద్దరు టీచర్లకు అతని మీద అంతకుముందే అనుమానం ఉంది. రుజువు లేకుండా సాటి ఉద్యోగి మీద ఎలా చెబుతామన్నారట. ఇరవై ఒకటో సెక్షన్ వాళ్ళ కోసమే ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. పూత మందు రాసిన డాక్టరుగారినీ ఎవరూ ఏమీ అనలేదు. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక మా సంఘంలో ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, మంచి పనే చేశారు గానీ ఆ మాస్టారికీ భార్యాపిల్లలున్నారు కదమ్మా అన్నారు. ఉన్నారండీ, వాళ్ళ కోసం కూడా ప్రార్థన చేద్దాం, అతను జైల్లో ఉండగా చేద్దాం అన్నాను. ఆ తర్వాత చాలాకాలం ఆయన నాతో మాట్లాడలేదు. నాకు నష్టమేమీ జరగలేదు.

ఆసుపత్రిలో మాత్రం ఒక సర్క్యులర్ వచ్చింది. దంత విభాగం తన పరీక్షలను నోటి వరకే పరిమితం చేసుకోవాలని దాని సారాంశం. చదివినట్టు సంతకం పెట్టమన్నారు. పెట్టనన్నాను. చట్టం నా మీద పెట్టిన బాధ్యతను సర్క్యులర్‌తో తగ్గించడం ఎవరి తరమూ కాదని చెప్పి, రిటైరయ్యేదాకా కుర్చీ వెనకనుంచి కనిపించినవన్నీ చూస్తూనే వచ్చాను.

కోర్టులో డిఫెన్సు వకీలు నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: ఆ గాటు నా క్లయింటుదేనని మీరు చెప్పగలరా? చెప్పలేను, అది పసివాడిది కాదని మాత్రం చెప్పగలను అన్నాను. మిగతాది పాపే చెప్పింది, తెర అవతల కూర్చుని, తడబడకుండా. శిక్ష పడింది. అప్పీలు ఇంకా నడుస్తోందని విన్నాను.

ఆ జూలైలో ఆగిపోయిన పన్ను పని కోసం తల్లి పిల్లలిద్దర్నీ కొన్ని వారాల తర్వాత తీసుకొచ్చింది. పాప పన్ను పూర్తయ్యాక కొడుకును తనే ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టింది. “ఈడి పళ్ళు కూడా సూడండమ్మా. ఊరికినే కొట్టీసినాను ఈడ్ని,” అంటూ ఏడ్చింది. వాడికేమీ గుర్తున్నట్టు లేదు, అద్దం ఇవ్వమని చెయ్యి చాపాడు.

ఈ ఉదంతం నాకు నేర్పింది చిన్న సంగతే. చట్టం మమ్మల్ని పేరు అడగలేదు, రుజువు అడగలేదు. అనుమానం వస్తే ఒక ఫోన్ చెయ్యమంది, అంతే. మందు రాసిన డాక్టరు, ఇద్దరు టీచర్లు, సూపరింటెండెంటు, అందరూ చదువుకున్నవాళ్ళే, అందరూ రుజువు కోసం ఆగారు. రుజువు లేకుండా దెబ్బలు తిన్నవాడు ఒక్కడే. వాడికి నాలుగేళ్ళు, నోట్లో పై ముందు పళ్ళు లేవు.