ఆలస్యంగా వచ్చేవాడి చందా

ఆ వీధిలో అందరూ ఆయన్ని ఫిలాసఫీ అనే పిలుస్తారు. తత్వశాస్త్రంలో డిగ్రీ పుచ్చుకుని లాండ్రీ నడుపుకునే మనిషిని ఇంకేమని పిలుస్తారు మరి? చదివిన చదువుకీ చేసే పనికీ పొంతన లేదని జాలిపడేవాళ్లున్నారు. ఆయనకి మాత్రం ఆ దిగులు లేదు. కాలర్ల మీద ఇస్త్రీపెట్టె నడిపిస్తూ మనిషికి స్వేచ్ఛ ఉందా లేదా అని హాయిగా ఆలోచించుకుంటాడు. ఉందని తేలిన రోజు చొక్కాలు కాస్త త్వరగా అవుతాయి.

మనిషి మరీ ముక్కుసూటి. ఆ సూటిదనం పుణ్యమా అని స్నేహితులంతా ఒక్కొక్కరే జారుకుని, చివరికి ఒక్కడు మిగిలాడు. బెంచీ మీద పక్కన కూర్చుని చదివినవాడు, ఇప్పుడు యూనివర్సిటీ పూర్వ విద్యార్థుల సంఘానికి అధ్యక్షుడు. ఆ అధ్యక్షులవారు కొత్త భవనానికి చందా కోసం ఆదివారం వస్తున్నానని ఫోన్ చేశారు.

"ఇవ్వనని చెప్పేస్తా," అన్నాడు ఫిలాసఫీ భార్యతో.

"ఎందుకివ్వరు?"

"ఏమో. ఇవ్వబుద్ధి కావడం లేదు."

కారణం తనకే దొరకకపోవడం ఆయనకి చిరాగ్గానే ఉంది. భార్య దిగులు వేరు.

"ఇవ్వకపోతే మానెయ్యండి. ఉన్న ఒక్క స్నేహితుణ్ణీ మాత్రం పోగొట్టుకోకండి. మీ కబుర్లన్నీ వినడం నా ఒక్కదానివల్ల కాదు. బాయిలర్ పాడైంది, కొత్తది కొనాలని చెప్పండి. పాము చావదు, కర్ర విరగదు."

ఆయన అద్దం ముందు నిలబడి ఆ మాట అని చూసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. మళ్లీ అన్నాడు. మళ్లీ ఎర్రబడ్డాయి.

ఆదివారం స్నేహితుడు వచ్చి, వేలాడుతున్న కోట్ల మధ్య స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆవిడ టీ ఇచ్చి, లోపలికి వెళ్లినట్టే వెళ్లి కర్టెన్ వెనక ఆగింది.

"మా బాయిలర్..." అని మొదలుపెట్టాడు ఫిలాసఫీ.

"బాయిలర్ సంగతి తర్వాత. ముందిది చూడు," అంటూ స్నేహితుడు ఫోన్‌లో భవనం బొమ్మ చూపించాడు. "ఈ తలుపులున్నాయే, క్లాసు మొదలవగానే వాటంతటవే మూసుకుంటాయి. ఆ తర్వాత ఎవడొచ్చినా తెరుచుకోవు. క్రమశిక్షణంటే అలా ఉండాలి."

ఫిలాసఫీ బాయిలర్ని మర్చిపోయాడు.

వాళ్లిద్దరూ చదివింది సాయంత్రం క్లాసుల్లో. అప్పుడు ఈ లాండ్రీ వేరేవాళ్లది, ఆయన ఇందులో పనివాడు. చేతిలో పని ముగించుకుని, ఒళ్లంతా ఆవిరి వాసనతో పరిగెత్తుకెళ్లేసరికి పాఠం సగం అయిపోయేది. ఆయనలాగే ఫ్యాక్టరీ నుంచీ ఆస్పత్రి నుంచీ ఇంకొందరు. పాఠం చెప్పే పెద్దావిడ వాళ్లు కూర్చునేదాకా ఆగి, బోర్డు తుడిచేసి, పాఠం మళ్లీ మొదటినుంచి చెప్పేది. ఎందుకు ఆలస్యమైందని ఒక్కరోజూ అడగలేదు. వేళకి వచ్చినవాళ్లు సణిగేవారు. ఆ సణుగుడులో ఈ అధ్యక్షుడిదే పెద్ద గొంతు. అయినా ఈయన కోసం పక్క సీటు మీద సంచి పెట్టి ఉంచేవాడు.

"మరి నేనెలా వచ్చేవాణ్ణిరా?" అన్నాడు ఫిలాసఫీ.

స్నేహితుడు టీ కప్పు కింద పెట్టాడు. "ఆ సాయంత్రం క్లాసులు తీసేశారుగా ఎప్పుడో."

"తెలుసు. నాలాంటివాడు రాకుండా తలుపు కడుతూ నన్నే డబ్బులడుగుతున్నారు. నేనివ్వను. ఇన్ని రోజులూ ఎందుకో తెలీక కొట్టుకున్నాను. ఇప్పుడు ప్రాణం హాయిగా ఉంది."

స్నేహితుడు లేచాడు. కర్టెన్ వెనక ఆవిడకి గుండె జారింది. ఈయనకీ జారింది, కానీ అన్న మాట వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. గుమ్మం దాకా వెళ్లి అతను వెనక్కి తిరిగాడు.

"తలుపు తెరిచే ఉంచాలని నేను కమిటీలో పట్టుబడితే? అప్పుడిస్తావా?"

"తెరిచి ఉంచడానికి చందాలెందుకురా?"

అతను వచ్చి మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు. ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

"ఒక సంగతి చెప్పనా?" అన్నాడు. "ఆ పెద్దావిడ పాఠం మొదటిసారి చెప్పినప్పుడు నాకు ఒక్క ముక్కా ఎక్కేది కాదు. సణుగుతూనే, మీరెప్పుడొస్తారా అని గుమ్మం వైపు చూస్తూ ఉండేవాణ్ణి."